కందెన పెట్టిన రేవు

కర్నూలు దాటి బస్సు తుంగభద్ర వంతెన ఎక్కగానే నాన్న కిటికీ వైపు జరిగాడు. ముందు సీటులోని పెద్దాయన అప్పటికే మాతో మాట కలిపాడు. ఏ ఊరు, ఎటు పోతున్నారు, పిల్లలెంతమంది అన్నీ అయ్యాక ఆఖరున రావాల్సిన ప్రశ్న వచ్చింది. "మీరు ఏమిటోళ్లు?" నాన్న నీళ్ల మీద నుంచి చూపు తిప్పకుండానే "చీమకుర్తి వాళ్లం, ఒంగోలు కాడ" అన్నాడు. ఆయన అడిగింది ఊరు కాదని మా ముగ్గురికీ తెలుసు. డెబ్బై ఆరేళ్లుగా నాన్న ఆ ప్రశ్నకు ఊరి పేరే చెబుతూ వచ్చాడు.

మేం వడ్డెరలం. రాయి కొట్టేవాళ్లం, మన్ను తవ్వేవాళ్లం. నాన్న పుట్టింది చీమకుర్తి దగ్గరే అయినా పెరిగింది నాగార్జునసాగర్ పని మీద. తాత, నాయనమ్మ డ్యాముకు రాళ్లు మోశారు. కుడికాలువ తవ్వకంలో నాన్న తట్ట ఎత్తడం నేర్చుకున్నాడు. తర్వాత నల్లరాయి క్వారీలు. నేను చదువుకుని బడిపంతులమ్మనయ్యాను. నాకు మా వాళ్ల చరిత్ర పుస్తకాల్లో దొరికింది, నాన్నకు చేతుల్లో ఉంది. ఈ రెండూ ఒకసారి ఒకచోట కలుసుకోవాలని నా కోరిక. నాన్న కోరిక వేరు. కర్నూలుకు ఆ పేరు ఎలా వచ్చిందో ఎవరో ఆయనకు చెప్పారు. అలంపూర్ గుడుల కోసం బండ్ల మీద రాళ్లు తోలిన వడ్డెవాళ్లు తుంగభద్ర దాటేముందు ఈ ఒడ్డున ఆగి, ఇరుసులకు కందెన పెట్టుకునేవారట. అందుకే కందెనవోలు, అదే కర్నూలు. కథే కావచ్చు. కానీ ఒక మహానగరం పేరులో మా బండి ఇరుసు ఉందన్న మాట నాన్నను ఆరునెలలు నిద్రపోనివ్వలేదు. "ఆ రేవు చూడాలమ్మా" అన్నాడు.

ఈ బస్సు ఎక్కేముందే రేవు చూశాం. తెల్లవారుజామున కర్నూలులో దిగి, కొండారెడ్డి బురుజు పక్కగా నడిచి, బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మా వైపు మరమరాలనేవాటిని ఇక్కడ బొరుగులంటారు. నీళ్లలో తడిపి పిండి, పోపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లుతారు. నాన్నకు నచ్చింది. బండి అమ్మాయి ఆయన పళ్లు చూసి అడక్కుండానే రెండోసారి మెత్తగా కలిపి పెట్టింది. డబ్బులిచ్చేటప్పుడు "పోయిరా పెద్దాయనా" అంది. మా జిల్లాలో కొత్తవాళ్లను అంత తొందరగా 'నువ్వు' అనరు. ఇక్కడ ఆ ఏకవచనంలో చనువే తప్ప చులకన లేదు.

కొండారెడ్డి బురుజు రాళ్ల ముందు నాన్న చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆయనకు నవాబుల సంగతి చెప్పాను. 1800లో నిజాం తన దక్షిణపు జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు. అవే దత్తమండలాలు. కర్నూలు నవాబు కప్పం కడుతూ ఇంకొన్నాళ్లు నిలిచాడు. 1839లో కంపెనీ ఆయన్ని దించి తిరుచిరాపల్లికి పంపింది. అప్పటినుంచి ఈ ఒడ్డున తెల్లవాడి కచేరీ, ఆ ఒడ్డున నిజాం జమాబందీ. మధ్యలో నది. అటువైపును నడిగడ్డ అంటారు, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య గడ్డ. గద్వాల సంస్థానం అందులోదే. పండితులను పోషించి విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకుంది. పైన నిజాంకు కప్పం కట్టేది, నిజాం తన పైన ఉన్న రెసిడెంటు దొరకు తలవంచేవాడు. 1853లో బాకీల కింద రాయచూరు అంతర్వేదిని ఇంగ్లీషువాళ్లే తీసుకున్నారు. 1857లో నిజాం తమవైపు నిలిచినందుకు 1860లో తిరిగిచ్చారు. నేల ఇలా చేతులు మారుతుంటే దాని మీద బతికేవాళ్లను అడిగినవాడు లేడు.

నాన్న అంతా విని ఒకే మాట అడిగాడు. "ఇరువైపులా రాయి కొట్టింది మాత్రం మనోళ్లేగా?"

అలంపూర్‌లో ఎండ ఎక్కింది. నది పక్కనే నవబ్రహ్మ ఆలయాలు, బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో కట్టించినవి. పేరుకు బ్రహ్మలు గానీ అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర వినయాదిత్యుడి కాలపు శాసనం ఉంది. రాజు పేరు, కట్టించినవాడి పేరు చెబుతుంది. నాన్న శాసనం వైపు చూడలేదు. రాయికీ రాయికీ మధ్య అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి లాగుతూ పోయాడు. గోరు ఎక్కడా దిగలేదు. "సున్నం లేదు, ఏమీ లేదు. రాయి మీద రాయి కూర్చుంది" అన్నాడు. మా చీమకుర్తి నల్లరాయి ఉలికి ఎంత ఎదురుతిరుగుతుందో, ఈ ఎర్రటి రాయి అంత మాట వింటుందట. ద్వారం పక్కన గంధర్వుల జంటలను నేను చూస్తుంటే ఆయన వాటి వెనక గోడలో, ఎవరూ చూడని చోట ఉన్న సాదా రాయిని చూస్తున్నాడు. జోగుళాంబ అమ్మవారి దగ్గర మాత్రం ఇద్దరం ఒకే వైపు చూసి దండం పెట్టుకున్నాం. పాత గుడి పోయాక 2005లో అమ్మవారికి ఇప్పుడున్న గుడి కట్టారు. పూజారిగారు గోత్రం అడిగారు. నాన్న ఈసారి కూడా ఊరి పేరు చెప్పాడు.

గుడి బయట వేపచెట్టు కింద కూర్చున్నప్పుడు నాకు మద్రాసు మ్యూజియం గుర్తొచ్చింది. ఎడ్గార్ థర్‌స్టన్ దాని సూపరింటెండెంటు. కొలత పరికరాలు పట్టుకుని దక్షిణ దేశమంతా తిరిగి ముక్కు వెడల్పు, తల పొడవు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో మేమూ ఉన్నాం. రాతి వడ్డెలు, మన్ను వడ్డెలు అని పాయలు చీల్చి ఉన్నాం. కులం ఇంగ్లీషువాడు తెచ్చింది కాదు. ఈ గుడి కట్టే నాటికే బండి తోలేవాడు గర్భగుడి దాకా వచ్చి ఉండడు. కానీ కులం అంతకుముందు ఊరికో తీరుగా, నోటి మాటగా ఉండేది. 1871 నుంచి జనాభా లెక్కల చిట్టాలోకి ఎక్కింది. 1901 లెక్కల్లో ఏది ఎక్కువ ఏది తక్కువ అని వరుస పేర్చడానికి పూనుకున్నారు. వరుసలో పైకి జరగాలని అర్జీలు పెట్టుకోవడం మనవాళ్లకు అప్పుడే అలవాటైంది. అదే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది, 1911లో కొత్త రూపంలో మద్రాసు రాజధానికీ పాకింది. ఊరూరూ తిరిగి పనిచేసుకునేవాళ్ల మీద అనుమానం చట్టమైంది. మాలో కొన్ని గుంపుల పేర్ల ముందు 'దొంగ' అన్న మాట చేర్చి రాసుకున్నారు. ఆ గుంపుల్లో పనికోసం ఊరు మారిన మనిషి పోలీసు ఠాణాలో వేలిముద్ర వేయాలి. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. నాన్న పుట్టాక. ఊరి పేరు చెప్పే అలవాటు ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఆ చెట్టు కింద తెలిసొచ్చింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, నన్ను ఇప్పటికీ కుదిపేది. అలంపూర్, గద్వాల తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. భాషను బట్టి రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. ఇవాళ కర్ణాటకలో మా వాళ్లు భోవి అన్న పేరుతో ఎస్సీలు. తెలంగాణలో, ఆంధ్రలో బీసీ-ఏ. అదే సమ్మెట, అదే తట్ట, వియ్యాలందుకునే ఇళ్లు. గీత ఇటు పడితే ఒక చిట్టా, అటు పడితే ఇంకొకటి. ఏది న్యాయమో నేను ఇక్కడ తేల్చడం లేదు. కానీ ఎవరో గీసిన గీత మా పిల్లల చదువుల్ని, ఉద్యోగాల్ని నిర్ణయిస్తుందంటే చిట్టా రాసినవాళ్లు వెళ్లిపోయినా చిట్టా పోలేదనే అర్థం.

అలంపూర్ చౌరస్తా నుంచి పడమటికి ఆటోలో వడ్డేపల్లి మండలం వైపు సాగాం. ఊరి పేరు బోర్డు మీద చూడగానే నాన్న ముఖం విప్పారింది. "మన పల్లె" అన్నాడు పైకే. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూశాడు గానీ ఏమీ అడగలేదు. దారికి అటూ ఇటూ నల్లరేగడి, మధ్యలో ఎర్రచెలక, ఎటు చూసినా నడుం ఎత్తు పత్తి. మా ప్రకాశంలో పత్తి చేను పువ్వుతో, కాయతో కలగాపులగంగా ఉంటుంది. ఇక్కడ చేనంతా ఎర్ర కాగితపు ముక్కలు వేలాడుతున్నాయి, జాతరకు ముస్తాబు చేసినట్టు. నడిగడ్డ పత్తి విత్తనాల సాగుకు దేశంలోనే పేరుపడ్డ గడ్డ.

శాంతినగర్‌లో భోజనం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ కారం. హోటలామె రొట్టెను చేతులతో తట్టి పెనం మీద వేస్తుంటే ఆ చప్పుడు వీధి దాకా వినిపిస్తోంది. "ఇంకోటి తినుండ్రి, ఏమైతది" అంటూ నాన్న కంచంలో వెన్న కూడా వేసింది. పక్క బల్ల మీది రైతు మా మాట విని తనది గుంటూరు వైపని చెప్పాడు. రాజోలిబండ కాలువ వచ్చాక వాళ్ల నాన్న అక్కడ రెండెకరాలు అమ్మి ఇక్కడ పదెకరాలు కొన్నాడట. అరవై ఏళ్లు దాటింది. "ఇక్కడ పుట్టినా మమ్మల్ని ఆంధ్రోళ్లనే అంటారు, అక్కడికి పోతే తెలంగాణోళ్లంటారు" అన్నాడు, బాధగానే. హోటలామె రొట్టె తిప్పుతూ "మేమేమో ఈడ పుట్టి ఈడ్నే కూలోళ్లమైతిమి" అంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపంతో అనలేదు. రోజూ ఒకరి చేతి కూడు ఒకరు తినేవాళ్లే.

వాళ్ల మాటలు వింటుంటే ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. బర్మాలో ఐసీఎస్ అధికారిగా పనిచేసిన ఫర్నివాల్ 1948లో వచ్చిన తన పుస్తకంలో వలస సమాజాల గురించి ఒక మాట తేల్చి చెప్పాడు. అక్కడ తెల్లవాడు, చైనావాడు, భారతీయుడు, బర్మీయుడు అంగడిలో కలుస్తారు, అంగడి దాటితే ఎవరి బతుకు వాళ్లది. ఎవరు ఏ జాతో దాన్నిబట్టే ఎవరు ఏ పని చేయాలో ఏర్పడిపోతుంది. ఆయన కళ్లముందున్న రంగం (రంగూన్) రేవులో మూటలు మోసింది తెలుగువాళ్లే. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కారు కాబట్టి బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగు కూలీకి కోరంగీ అన్నదే పేరైంది. 1930 మే నెలలో కూలి పెంచమని వాళ్లు సమ్మెకు దిగితే ఓడల యజమానులు బర్మీయులను పనిలోకి దించారు. సమ్మె తీరాక బర్మీయులను పొమ్మన్నారు. ఆ పూట మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. కూలి తగ్గించి లాభపడ్డవాడి ఒంటి మీద గీత పడలేదు. ఆకలి మీదున్న ఇద్దరు ఒకరినొకరు నరుక్కున్నారు. శాంతినగర్ హోటల్లో అలాంటిదేమీ లేదు, ఉండకూడదు కూడా. కానీ కింద ఉన్నవాళ్లను ఊరి పేరుతో, భాషతో, కులంతో విడదీసి ఉంచితే పైవాడికి ఎంత తేలికో రంగం రేవు నాకు గుర్తుచేసింది.

ఆ రైతే మమ్మల్ని తన చేనికి తీసుకెళ్లాడు. సాయంత్రం నాలుగు. పదిహేనుమంది ఆడవాళ్లు సాళ్లలో వంగి ఉన్నారు. రేపు విచ్చే మొగ్గను వెతికి, గోటితో పైపొర, లోపలి పుప్పొడి వలిచేసి, ఎర్ర కాగితం గుర్తు తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్కల పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్క మొగ్గ తప్పినా, దానంతటదే కాయ కట్టినా విత్తనం కల్తీ అయినట్టే. విత్తనాన్ని తర్వాత నాటి చూసే జీవోటీ పరీక్షకు పంపుతారు. స్వచ్ఛత చాలకపోతే పంట పంటా పోయినట్టే. కంపెనీ నేరుగా రైతుతో మాట్లాడదు. మధ్యలో ఆర్గనైజరు ఉంటాడు, పెట్టుబడికి అప్పు ఇస్తాడు, విత్తనం తీసుకెళ్తాడు, లెక్క ఆయన దగ్గరే. రైతు కింద ఈ ఆడవాళ్లు. ఇదివరకు బడి ఈడు ఆడపిల్లలు ఈ సాళ్లలో ఎక్కువగా ఉండేవారు. లేత వేళ్లయితే మొగ్గ చెడదని పెద్దలు చెప్పేవారట. పంతులమ్మగా ఆ మాట నా చెవికి ఎలా తగిలిందో చెప్పలేను.

ఒకామెది కోసిగి. నదికి అవతల, కర్నూలు జిల్లా పడమటి అంచు. "మిరపకోతకు మీ దిక్కే వస్తం అక్కా, మాఘమాసంల" అంది. ఆమె మా ఊళ్ల పేర్లు పొలం గట్లతో సహా చెప్పింది. ఏళ్ల తరబడి మా జిల్లాకు వస్తున్న ఈమెను నేను ఎన్నడూ పలకరించలేదు. మా వీధి చివర పరదాల గుడారాలు చూసి "కర్నూలు కూలీలు" అని చెప్పుకుని తప్పుకున్నాను. నాన్న మాత్రం ఆమె పక్కన గట్టు మీద కూర్చుని "కూలి లెక్కా, గుత్తా?" అని అడిగాడు. "రోజుకూలి" అంది. "గుత్తయితే కొలత కాడ తగాదా" అన్నాడు నాన్న.

అప్పుడు ఆయన నాకెన్నడూ చెప్పని కథ చెప్పాడు. సాగర్ కాలువ పనిలో గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో మట్టి దిబ్బ ఒకటి తవ్వకుండా వదిలేవారు. ఎంత లోతు తవ్వారో దాన్ని చూసి కొలుస్తారు. మా తాత దాన్ని సాక్షి అనేవాడట. సాక్షి మీద గడ్డి అలాగే ఉండాలి. లేకపోతే పైన మట్టి పోసి ఎత్తు పెంచారని సూపరువైజరుకు అనుమానం. ఒకసారి వానకు సాక్షి కూలింది. ఇరవై రోజుల పని పది రోజులుగా రాశారు. "మీ తాత ఏం మాట్లాడలా. మీ నాయనమ్మ ఆ కూలిన మట్టి తట్టకెత్తి కొలిచేవాడి ముందు పోసింది" అన్నాడు నాన్న. కోసిగి ఆమె చేతిలో మొగ్గ అలాగే పట్టుకుని విన్నది.

రాజోలికి చేరేసరికి పొద్దు వాలింది. ఇక్కడ మగ్గాల చప్పుడు వీధిలోకి వస్తుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. రెండు వేర్వేరు దారాలను ఒక్కొక్క పోగుగా ముడివేసి చీర నేస్తారు. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఈ ఊరిని ముంచేసింది. గుంటల్లో నీళ్లు నిండి మగ్గాలు పాడైపోయాయి. మాకు రాత్రి చోటిచ్చిన నేతగాడి ఇంటి ఇల్లాలు అరుగు మీద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చేత్తో చూపింది, తన తల కంటే పైన. మా గురించి ఆమె ఏమీ అడగలేదు. పొద్దున జొన్నరొట్టె మూట కట్టి ఇచ్చింది.

సుంకేశుల అక్కడికి దగ్గరే. నేను ఈ ప్రయాణానికి బయల్దేరిందే దీనికోసం. ఇక్కడే కర్నూలు–కడప కాలువ మొదలవుతుంది. 1858 ప్రాంతంలో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. లాభం వచ్చినా రాకపోయినా పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీ ఇస్తామని సర్కారు హామీ ఇచ్చింది. వాటాదారులు లండన్‌లో, ఇంజనీర్లు ఇంగ్లీషువాళ్లు, గుమాస్తాలు అక్షరం వచ్చిన కులాలవాళ్లు, వాళ్ల కింద మేస్త్రీలు, గొయ్యిలో మేము. నీటి పన్ను బరువుకు భయపడి మామూలు ఏళ్లలో రైతులు కాలువ వైపు రాలేదు. కంపెనీ దివాలా బాట పట్టింది, 1882లో సర్కారు కొనుక్కుంది. వాటాదారులకు వడ్డీ మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఈ మధ్యలోనే ధాత కరువు వచ్చింది, 1876లో. కర్నూలు జిల్లా జనాభా పదేళ్లలో దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. కరువు పనుల్లో మన్ను మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని కరువు చూడటానికి పై సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. అంటే అరకిలో కూడా నిండదు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ ఎదురు చెప్పాడు. ఒక మనిషి బతకడానికి ఎంత తిండి కావాలో ఇద్దరు తెల్లవాళ్లు వాదించుకుంటుంటే గొయ్యిలో ఉన్నవాడి మాట అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. పదేళ్ల తర్వాత, 1886లో, కర్నూలు జిల్లా మాన్యువల్ రాసింది గోపాలకృష్ణమ చెట్టి అనే మనవాడే. జిల్లాను అంత బాగా ఎరిగినవాడు కూడా ఆ రోజుల్లో డిప్యూటీ కలెక్టరు మెట్టు దగ్గరే ఆగాలి. కలెక్టరు కుర్చీ దాదాపుగా తెల్లవాళ్లదే. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎత్తులో కప్పు కట్టి పెట్టారు. మా కప్పు మాత్రం నేలకంటే కిందే ఉండేది.

ఇవన్నీ కాలువ గట్టు మీద నాన్నకు చెప్పాను. పాత ఆనకట్ట పోయింది, దాని చోట గేట్ల బ్యారేజీ నిలిచింది. ఎర్రటి కొత్తనీరు కాలువలోకి సుడులు తిరుగుతూ దిగుతోంది. నాన్న చెప్పులు విడిచి మెల్లగా ఒడ్డుకు దిగాడు. గట్టున పరిచిన రాళ్లను ఒక్కొక్కటే అరచేత్తో తడుముతున్నాడు. గొర్రెలు తోలుకుపోతున్న పిల్లవాడు ఆగి చూశాడు.

"ఏం దేవులాడుతున్నవ్ తాతా?"

"రాయి చూస్తన్నా నాయనా."

"రాయిల ఏముంటది?"

"దెబ్బ ఉంటది. మా వడ్డెరోళ్ల ఉలి దెబ్బ. ఇదేమో మిషను కోత" అని ఆ రాయిని వదిలి పక్కదాని మీద చెయ్యి వేశాడు. అదీ కాదన్నట్టు తల ఊపాడు. పిల్లవాడు గొర్రెలను అటు గదిమి, "కిందికి పోతే పాతయి ఉన్నయి, జారుతది, నా చెయ్యి వట్టుకో" అని ముందుకు వచ్చాడు. నాన్న వాడి భుజం పట్టుకుని నీళ్ల వెంట కిందికి నడుస్తుంటే, రొట్టెల మూట, ఆయన చెప్పులు తీసుకుని నేనూ వెనకాలే దిగాను.